కొన్న పుస్తకం ర్యాకు ఎక్కేదాకా: లైబ్రరీ టెక్నికల్ సెక్షన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి

నేను ఇన్‌చార్జిగా కూర్చున్న మూడో వారంలో ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "మేడం, ఓపాక్‌లో లేదు. మా గైడేమో పోయినేడే ఇండెంట్ పెట్టానంటున్నారు" అని పుస్తకం పేరు చెప్పాడు. (ఓపాక్ అంటే పాఠకులు కంప్యూటర్‌లో వెతుక్కునే కేటలాగు, ఇండెంట్ అంటే కొనమని రాసిచ్చే చీటీ.) నేను లేవాల్సిన పని కూడా పడలేదు. కుర్చీ తిప్పి, వెనక బీరువాకి ఆనించిన దొంతరలోంచి ఆరోదో ఏడోదో లాగి చేతిలో పెట్టాను. బిల్లు చెల్లించి పద్నాలుగు నెలలైంది. అట్ట మీద దుమ్ము చొక్కా చేతికి తుడుచుకుని "ఇక్కడే ఉందా" అన్నాడు. మర్యాదస్తుడు, అంతకు మించి ఏమీ అనలేదు.

తప్పు నా ముందువాళ్ళదని తోసెయ్యడానికీ లేదు. అదే సెక్షన్‌లో తొమ్మిదేళ్ళు కేటలాగింగ్ చేసింది నేనే. అందుకే కొత్తగా ఈ కుర్చీలోకి వచ్చేవాళ్ళకి చెబుతున్నాను: మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోకండి, పుస్తకాలు లెక్కపెట్టండి.

మన సెక్షన్‌లో పుస్తకం ఆగిపోయే చోట్లు నాలుగు. బిల్లు సరిచూడక ఆగేవి, అక్సెషన్ నంబరు (స్టాకు రిజిస్టర్‌లో ఒక్కో పుస్తకానికీ విడిగా పడే నంబరు) పడక ఆగేవి, కేటలాగింగ్ (పుస్తకం వివరాలు కంప్యూటర్‌లో రికార్డుగా ఎక్కించడం) కాక ఆగేవి, లేబుల్ అతికించక ఆగేవి. వీటిని నాలుగు దొంతరలుగా విడదీశాం. ఒక్కోదాని మీద ఒక పాత కేటలాగు కార్డు నిలబెట్టి, ఆ దొంతరలో అన్నిటికన్నా పాత పుస్తకం ఏ తేదీన వచ్చిందో పెద్దక్షరాలతో రాశాం. (ఆ మూడు బై ఐదంగుళాల కార్డులు మా దగ్గర ఇంకా డబ్బాలకొద్దీ ఉన్నాయి. ఇన్నాళ్ళకి ఇలా పనికొచ్చాయి.) ఎన్ని పుస్తకాలున్నాయన్నది కాదు, ఎంతకాలంగా ఉన్నాయన్నదే చూడాల్సింది. రెండొందల పుస్తకాల దొంతర నిన్నటిదైతే నాకు దిగుల్లేదు. పాతిక పుస్తకాల దొంతర నిరుడు దసరాది అయితే ఉంది.

ఆలస్యమంతా కేటలాగింగ్ దగ్గరే అనుకుంటాం. మా దగ్గర లేబుల్ దగ్గర తేలింది. ప్రింటరు రిబ్బన్ అయిపోయింది, దాని ఇండెంట్ ఏదో ఫైల్లో నిద్రపోయింది. రికార్డు పూర్తయిన పుస్తకాలు ఓపాక్‌లో 'అవైలబుల్' అని మెరుస్తున్నాయి, ర్యాకులో మాత్రం లేవు. పిల్లలు మూడో అంతస్తు ఎక్కి దిగుతున్నారు. మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో, పుస్తకం స్థితి చూపే 'నాట్ ఫర్ లోన్' విలువల్లో 'ప్రాసెసింగ్‌లో ఉంది' అని ఒకటి పెట్టుకోండి. ర్యాకులో సర్దిన మనిషే దాన్ని తీసేయాలి, రికార్డు చేసిన మనిషి కాదు.

మార్చి నెల

గ్రాంటు ఎప్పుడొచ్చినా ఖర్చు మార్చి 31లోగా చూపించాల్సిందే. ఒక మార్చిలో సప్లయరు "కట్టలు దారిలో ఉన్నాయి మేడం" అని ట్రాన్స్‌పోర్టు రసీదు చూపించాడు. సాయంత్రం ఐదులోపు బిల్లు రాకపోతే డబ్బు వెనక్కి పోతుందని ఫైనాన్స్ నుంచి ఫోను మీద ఫోను. బిల్లులో ఉన్న వరసనే పట్టుకుని అక్సెషన్ నంబర్లు వేసేసి, బిల్లు వెనక 'స్టాకులో చేర్చడమైనది' అని సంతకం పెట్టేశాను. ఏప్రిల్ రెండో వారంలో కట్టలు వచ్చాయి. పదకొండు పుస్తకాలు లేవు. మరో నాలుగు పాత ఎడిషన్లు. రిజిస్టర్‌లో నంబర్లున్నాయి, వాటికి పుస్తకాల్లేవు. ఆడిట్ పేరా, అంటే ఆడిటర్ల రాతపూర్వక అభ్యంతరం, పడింది. దానికి మూడేళ్ళు జవాబులు రాశాను.

పుస్తకం చేతిలో లేకుండా నంబరు వేయకండి. డబ్బు మురిగిపోతుందని ఎవరెంత బెదిరించినా సరే. సంతకం మీది.

బిల్లు సరిచూసేటప్పుడు ఆర్డర్ కాపీ, బిల్లు, పుస్తకం మూడూ ఒకే బల్ల మీద ఉండాలి. ఎడిషన్ ఆర్డర్ ప్రకారమేనా, హార్డ్‌బౌండ్ ధర వేసి పేపర్‌బ్యాక్ పంపారా, చవకగా దొరికే ఇండియన్ ఎడిషన్ ఉండగా డాలర్ ధర వేశారా చూడండి. ధర అచ్చు వేయని విదేశీ పుస్తకానికి ప్రైస్ ప్రూఫ్ (ప్రచురణకర్త ధర చూపించే కాగితం) అడగండి. మారకం రేటు ఏ తేదీది, జీఓసీ (పుస్తక విక్రేతల గుడ్ ఆఫీసెస్ కమిటీ) రేటా రిజర్వ్ బ్యాంక్ రేటా అన్నది ఆర్డర్‌లోనే రాసేస్తే బిల్లు దగ్గర గొడవుండదు.

తర్వాత ఒక్కో పుస్తకాన్నీ బొటనవేలితో మొదటినుంచి చివరిదాకా ఒకసారి జార్చి చూడండి. తెలుగు పుస్తకాల్లో ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల మడత) రెండుసార్లు పడడం, ఒకటి తలకిందులుగా కుట్టడం మామూలే. ఇది ముద్ర వేయకముందే చూడాలి. లైబ్రరీ ముద్ర పడ్డాక ఏ సప్లయరూ వెనక్కి తీసుకోడు. ముద్ర, నంబరు లోపల గుర్తుగా వేసే మా సీక్రెట్ పేజీ 37. అంత మందం లేని కవితా సంపుటాలకి ఆఖరి అచ్చు పేజీ. మీ పేజీ ఏదో ఒకటి ఖాయం చేసుకుని, ముద్ర అక్షరాల మీద కాకుండా ఖాళీ చోట పడేట్టు అటెండరుకి దగ్గరుండి చూపించండి.

ఇంగ్లీషు పుస్తకాలు త్వరగా దాటేయండి

వీటికి బుర్ర ఖర్చు పెట్టకండి. ఐఎస్‌బీఎన్ కొట్టి, జెడ్ 39.50 (వేరే లైబ్రరీల రికార్డులు వెతికి తెచ్చుకునే పద్ధతి) ద్వారా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచో మరో పెద్ద లైబ్రరీ నుంచో రికార్డు దించుకోండి. కొత్తవాళ్ళు "కోహా అంటే ఫుల్ ఫామ్ ఏంటి మేడం" అని అడుగుతుంటారు. ఫుల్ ఫామ్ లేదు. న్యూజీలాండ్‌లో తయారై 2000 జనవరిలో మొదలైన సాఫ్ట్‌వేర్ అది, మావోరీ భాషలో కోహా అంటే కానుక. గాంధీనగర్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళ సోల్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకీ కింద చెప్పేదంతా వర్తిస్తుంది, మెనూలే వేరు.

దించిన రికార్డులో ఎడిషన్, సంవత్సరం, పేజీలు, 082లో డ్యూయీ నంబరు (విషయాన్ని బట్టి ఇచ్చే వర్గ సంఖ్య) చూసుకుంటే చాలు. (మార్క్ అనే పద్ధతిలో రికార్డులో ఒక్కో వివరానికీ ఇలా ఒక నంబరు గడి ఉంటుంది.) కానీ దించడానికి ముందు మన కేటలాగులో ఉందో లేదో వెతకడం మాత్రం మానకండి. రెండో కాపీ వస్తే ఉన్న రికార్డుకే ఐటమ్ (ఆ ఒక్క కాపీ వివరం) కలపాలి. మా దగ్గర ఒక ఎకనామిక్స్ పాఠ్యపుస్తకానికి ఐదు రికార్డులు తయారయ్యాయి. ఒకదాని మీద రిజర్వేషన్ పెట్టి పిల్లవాడు పరీక్షలదాకా ఎదురుచూశాడు, మిగతా నాలుగు రికార్డుల కింద కాపీలు ర్యాకులో ఊరికే ఉన్నాయి.

తెలుగు పుస్తకం దగ్గరే అసలు పని

తెలుగు పుస్తకాలకి దించుకోవడానికి రికార్డు అరుదుగా దొరుకుతుంది. దొరికినా పేరంతా రోమన్ లిపిలో, అక్షరాల నెత్తిన గీతలు, కింద చుక్కలతో వస్తుంది. మన పిల్లలు ఓపాక్‌లో అలా కొట్టరు. తెలుగు కీబోర్డుతోనైనా కొడతారు, వాట్సాప్‌లో రాసుకునే ఇంగ్లీషు అక్షరాలతోనైనా కొడతారు. అందుకని మేం 245లో తెలుగు లిపిలో పేరు వేసి, 246లో గీతలూ చుక్కలూ లేని మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరు వేస్తాం. అట్ట మీద ఒక పేరు, లోపల టైటిల్ పేజీలో మరో పేరు ఉంటే లోపలిదే 245కి, అట్ట పేరు 246కి. 'శ్రీ', 'శ్రీమత్', 'శ్రీమదాంధ్ర' అని మొదలయ్యే పాత గ్రంథాలకి అవి లేకుండా కూడా ఒక 246 వేయండి. శ్రీకారంతో వెతికేవాళ్ళు నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడొక పుస్తకం తీసుకుని దగ్గరగా చూద్దాం. కథల సంపుటి, నూట నలభై పేజీలు, ఐఎస్‌బీఎన్ లేదు. టైటిల్ పేజీ వెనక ఇలా ఉంటుంది: ప్రథమ ముద్రణ ఫలానా నెల, కాపీరైట్ రచయితది, ప్రతులు 500, డీటీపీ ఫలానావారు, ముద్రణ చిక్కడపల్లిలో ఒక ప్రెస్సు, ప్రతులకు అని చెప్పి కాచిగూడలో ఒక పుస్తకాల షాపు, దాని కింద రచయిత ఇంటి అడ్రసు. ఇందులో ప్రచురణకర్త ఎవరు? మా దగ్గర చేరిన కుర్రాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది షాపు పేరే వేస్తారు, పెద్దక్షరాల్లో ఉండేది అదే కాబట్టి. 'ప్రతులకు' అన్నది దొరికే చోటు. అచ్చు వేయించింది రచయితే. మార్క్ 264లో రెండో ఇండికేటర్ (గడి నంబరు పక్కన వేసే అంకె) 1 అయితే ప్రచురణకర్త, 2 అయితే పంపిణీదారు, 3 అయితే ముద్రాపకులు. రచయితని ఒకటిలో, షాపుని రెండులో వేయండి. ఒక అసిస్టెంట్ ఉత్సాహంగా రోజుకి అరవై పుస్తకాలు లాగేసేవాడు. వారం తర్వాత చూస్తే మా కేటలాగు ప్రకారం తెలుగు సాహిత్యం మొత్తాన్ని ముగ్గురు షాపులవాళ్ళే ప్రచురించారు.

'ద్వితీయ ముద్రణ' అన్న మాట కూడా ఇలాంటిదే. మన ప్రచురణకర్తలకి ముద్రణ అంటే రీప్రింటూ అదే, ఎడిషనూ అదే. పేజీల సంఖ్య అదే, ముందుమాట అదే అయితే కొత్త రికార్డు వద్దు, ఐటమ్ కలపండి. కొత్త కథలు చేరాయా, టైపు సెట్టింగ్ మారి పేజీలు తేడా వచ్చాయా, అప్పుడు కొత్త రికార్డు.

పేర్ల దగ్గర తొందరపడకండి. సినారె పుస్తకాలే చూడండి. ఒక టైటిల్ పేజీలో సినారె, ఒకదానిలో సి. నారాయణరెడ్డి, ఒకదానిలో డా. సి. నారాయణ రెడ్డి అని మధ్యలో ఖాళీతో. ఇంటిపేరు సింగిరెడ్డి కాబట్టి ఆ అక్షరం తెలుగులో 'సిం' కావాలి, ఇంగ్లీషులో ఎస్ కావాలి, కానీ ఇంగ్లీషు పుస్తకాల మీద అది సి అనే స్థిరపడింది. వీటన్నిటినీ కలపకపోతే ఆయన మీద పీహెచ్‌డీ చేసేవాడికి మన లైబ్రరీలో సగం పుస్తకాలే ఉన్నట్టు కనిపిస్తుంది. కోహాలో అథారిటీ రికార్డు (ఒకరి పేరు రూపాలన్నిటినీ కలిపేది) తెరిచి, 100లో ఒక రూపం ఖాయం చేసి, మిగతావన్నీ 400ల్లో వేయండి. 'డాక్టర్', 'ఆచార్య', 'మహాకవి' ఇవేవీ పేరులోకి రానివ్వకండి. దాశరథి అంటే మరో చిక్కు. అట్ట మీద దాశరథి అని మాత్రమే ఉంటే చాలామటుకు 1925లో పుట్టిన కృష్ణమాచార్య, కానీ 1928లో పుట్టిన తమ్ముడు రంగాచార్య కూడా రచయితే. పుట్టిన సంవత్సరం అథారిటీలో వేస్తే అన్నదమ్ములు కలిసిపోరు. నలభైమంది ముఖ్య రచయితలకి ముందు ఈ పని చేసేయండి. మిగతావాళ్ళని పుస్తకం వచ్చినప్పుడల్లా చూసుకోవచ్చు.

కంటికి కనపడని తంటా ఇంకొకటుంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటని కొందరు ట కింద వ వత్తు పడకుండా మధ్యలో ఒక కనిపించని యూనికోడ్ అక్షరంతో కొడతారు, కొందరు అది లేకుండా కొడతారు. కంప్యూటర్‌కి అవి రెండు వేరు మాటలు. మా ఓపాక్‌లో పుస్తకం ఉండీ దొరకని ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఏదో ఒక పద్ధతి ఖాయం చేసుకుని రెండోది 246లో వేసేయండి. కోహాలో వెతుకులాటకి సూచిక కట్టే జీబ్రా ఇండెక్సింగ్‌ని ఐసీయూ (యూనికోడ్ అక్షరాల్ని సరిగ్గా పట్టుకునే) పద్ధతిలో పెట్టారో లేదో సిస్టమ్స్ వాళ్ళని అడగండి. అది లేకపోతే తెలుగులో వెతుకులాట సరిగ్గా నడవదు. సప్లయరు పంపే తెలుగు ఎక్సెల్ లిస్టుని నేరుగా అతికించకండి. డీటీపీ పాత ఫాంటులో ఉంటే, మన కేటలాగులోకి వచ్చేసరికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట అవుతుంది.

పాత పుస్తకాలైతే సంవత్సరమే పెద్ద పొడుపు కథ. 'ప్రభవ నామ సంవత్సరం' అని మాత్రమే ఉంటే అది 1927–28 కావచ్చు, 1987–88 కావచ్చు, 1867–68 కూడా కావచ్చు. కాగితం, అచ్చు, ధర చూసి తేల్చాలి. అణాల్లో ధర ఉంటే 1987 కాదని చెప్పడానికి పండితుడు అక్కర్లేదు. నిజాం కాలపు హైదరాబాదు పుస్తకాల మీద ఫసలీ (నిజాం ప్రభుత్వం వాడిన లెక్క) సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన క్రీస్తు శకం వస్తుంది: 1350 ఫసలీ అంటే 1940–41. మనం లెక్కగట్టిన సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లలో వేసి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా 500 నోట్‌లో రాయండి. టైటిల్ పేజీ చిరిగిపోయి ఏమీ తేలకపోతే ఒక పూట సెలవు చీటీ రాసి బయటికెళ్ళండి. అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి అసఫియా, అదే ఇప్పటి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. సుల్తాన్‌బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఎక్కడో ఒకచోట మంచి ప్రతి ఉంటుంది. ఊళ్ళో ఇన్ని ఉండగా ఊహించి రాయడం దేనికి?

ఉర్దూ పుస్తకాల సంగతి ఒక్క ముక్క. చదవడం రాని భాషని అట్ట చూసి కేటలాగ్ చేయకండి. 1918లో ఉర్దూ మీడియంతో యూనివర్సిటీ మొదలైన ఊరు ఇది, చదివేవాళ్ళు దొరుకుతారు. మాకు డిపార్ట్‌మెంట్ నుంచి ఒక స్కాలర్ శుక్రవారం మినహా రోజూ గంట వచ్చి కూర్చునేవాడు.

నంబరు, నోటుబుక్కు

తెలుగు సాహిత్యానికి డ్యూయీలో 894.827. కవిత్వం 894.8271, నాటకం 894.8272, నవలలూ కథలూ 894.8273. దానికింకా కాలవిభాగం చేర్చి తోకలు పెంచాలని లైబ్రరీ సైన్స్ చదివొచ్చినవాళ్ళకి చెయ్యి దురద పెడుతుంది. వద్దు. వెన్ను మీద పట్టదు, ర్యాకు సర్దేవాళ్ళకి అర్థం కాదు. నంబరు కింద రచయిత పేరులో తొలి అక్షరాలు తెలుగులోనే వేయండి. తెలంగాణ చరిత్ర సంగతి వేరు. డ్యూయీ 23వ ఎడిషన్ 2011లో అచ్చయింది, రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. అచ్చు పుస్తకంలో 954.84 అంటే ఆంధ్రప్రదేశే. మేం నంబరు అదే ఉంచి, దాని పక్కన 'తె' చేర్చి వేరు వరసగా సర్దాం.

ఇది ఒప్పా తప్పా అని వాదించవచ్చు. కానీ ఆ నిర్ణయం మా నోటుబుక్కులో తేదీతో సహా ఉంది. రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు, ఎడమవైపు ప్రశ్న, కుడివైపు నిర్ణయం, కింద పొట్టి సంతకం. ముద్రణ అంటే ఏమనుకోవాలి, 37వ పేజీ, 'తె', శ్రీ లేని 246, అన్నీ అందులోవే. కాంట్రాక్టు మీద వచ్చే పిల్లలు ఏడాదికో రెండేళ్ళకో వెళ్ళిపోతారు. వాళ్ళతోపాటు పద్ధతి కూడా వెళ్ళిపోకుండా చూసేది ఈ ఒక్కటే. రోజుకి ఎన్ని చేశారని అడగడం నేను మానేశాను. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వందలో పది రికార్డులు తీసి, పుస్తకం పక్కన పెట్టుకుని, చేసిన మనిషి ఎదురుగానే చూస్తాను.

గోనెసంచులు

ఒకరోజు అటెండరన్న తలుపు దగ్గరినుంచే కేకేశాడు: "మేడం, ఆటో ట్రాలీ అచ్చింది. గీ సంచులు ఏడ దించాలె?" ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు పోయాక ఇంట్లోవాళ్ళు ఆయన పుస్తకాలన్నీ పంపేశారు. ఇరవై రెండు సంచులు. సగం పాత గైడ్లు, డైరీలు, పెళ్ళి శుభలేఖలు. నాలుగు సంచుల్లో చెదలు. అప్పట్నుంచీ ఎవరు ఫోన్ చేసినా ముందు మేమే ఇంటికెళ్ళి, కావలసినవి ఏరుకుని, లిస్టు రాసుకుంటున్నాం. అవసరం లేనివి తీసేసే హక్కు లైబ్రరీది అని రాసిన ఉత్తరం మీద సంతకం తీసుకున్నాకే బండి. వచ్చిన పుస్తకాలు కూడా మూడు వారాలు విడిగా వరండా గదిలో ఉంటాయి, పురుగు లేదని తేలాకే లోపలికి. ఫొటోతో ప్రత్యేక ర్యాకు అడుగుతారు. నొప్పించకుండా కాదని, పుస్తకం లోపల దాత పేరుతో ముద్ర, కేటలాగులో దాత పేరు నోట్ ఇస్తామని చెప్పండి. పేరు వెతికితే ఆయన పుస్తకాలన్నీ ఒకచోట కనిపిస్తాయని ఓపాక్‌లో చూపిస్తే ఇంటివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

లెక్క తేల్చడం, తీసేయడం

స్టాక్ వెరిఫికేషన్ మేలో పెట్టుకోండి, పిల్లలుండరు. ఎండకి పై అంతస్తు పెనంలా కాలుతుంది కాబట్టి పొద్దున ఏడింటికే మొదలెట్టండి. కేంద్ర ప్రభుత్వ జీఎఫ్ఆర్ (సాధారణ ఆర్థిక నియమాలు) 2017లో 215వ నియమం దీనికి ఆధారం. ఇరవై వేల లోపు పుస్తకాలుంటే ఏటా, ఇరవై నుంచి యాభై వేల మధ్య అయితే మూడేళ్ళకొకసారైనా, యాభై వేలు దాటితే మూడేళ్ళు మించకుండా శాంపిల్ తనిఖీ. ఏడాదిలో ఇచ్చిన లేదా చదివిన ప్రతి వెయ్యింటికి ఐదు పోతే, నిర్లక్ష్యమో మోసమో కానంతవరకు, సహజ నష్టం. కానీ వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో అరుదైన పుస్తకమో పోతే విచారణ చేయాల్సిందే. ర్యాకుల దగ్గర బార్‌కోడ్‌లు స్కాన్ చేసిన ఫైలుని కోహా ఇన్వెంటరీ టూల్‌లో ఎక్కిస్తే లేనివి విడిగా వస్తాయి. వచ్చిన లిస్టు చూసి గుండె జారనివ్వకండి. సగం పక్క ర్యాకులోనే ఉంటాయి.

తీసేసే పుస్తకాల దగ్గర మాత్రం లిస్టు అక్సెషన్ నంబర్లతో ఉండాలి. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు చూస్తుంటే మా ముద్ర ఉన్నదొకటి కనిపించింది. 37వ పేజీ తిప్పాను, నంబరుంది. దొంగతనమా, మేం తీసేసినదా? ఆఫీసుకొచ్చి పాత ఫైలు తీస్తే 'చిరిగిన పుస్తకాలు, మూడు బస్తాలు' అని ఒకే ఒక్క లైను. తేల్చలేకపోయాం. ఇప్పుడు తీసేసే ప్రతి పుస్తకానికీ ముందు పేజీలోనూ 37లోనూ 'విత్‌డ్రాన్' అని అడ్డంగా ముద్ర, రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో తేదీ, కోహాలో రికార్డు చెరిపేయకుండా ఐటమ్‌కి విత్‌డ్రాన్ స్టేటస్. ఆ ఆబిడ్స్ పుస్తకం బేరమాడి అరవైకి తెచ్చాను. అది మళ్ళీ మా ర్యాకులోనే ఉంది, కొత్త అక్సెషన్ నంబరుతో, దాత గడిలో నా పేరుతో.